రాక్ వాళ్లంతా కాలేజీ మానేసినవాళ్లేనా? ఆ ఫార్వర్డ్‌లో ఏది నిజం?

సిరిపురం_సిగ్నల్

ఆ ఫార్వర్డ్ మీ అందరికీ వచ్చే ఉంటుంది. "ప్రపంచాన్ని ఊపేసిన రాక్ వాళ్లంతా కాలేజీ మానేసినవాళ్లే" అని మొదలవుతుంది. రేడియోహెడ్ బ్యాండ్ ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలో పుట్టిందట. నిర్వాణా బ్యాండ్ కర్ట్ కొబేన్ సెకండియర్‌లో కాలేజీ మానేశాడట. ఆర్.ఈ.ఎం. నలుగురూ ఒకే క్లాసట. వీజర్ రివర్స్ కువోమో హార్వర్డ్ వదిలేసి బ్యాండ్ పెట్టాడట, రేజ్ అగెన్‌స్ట్ ద మెషీన్ టామ్ మొరెల్లో అక్కడ అతని బ్యాచ్‌మేటట. కోల్డ్‌ప్లే క్రిస్ మార్టిన్ డిగ్రీ తప్పాడట. పిక్సీస్ బ్లాక్ ఫ్రాన్సిస్ స్పెయిన్‌లో చదివాడట. సౌండ్‌గార్డెన్ కిమ్ తాయిల్ కేరళ నుంచి వెళ్లి పీహెచ్‌డీ చేశాడట.

శనివారం ఫెస్ట్‌లో ఆల్టర్నేటివ్ రాక్ స్టాల్ మా జట్టుది. వైజాగ్ బీచ్ రోడ్డు వైపు గ్రౌండ్‌లో, టెంటు కింద. ఒక పోస్టర్, పన్నెండు ప్రశ్నల క్విజ్, వచ్చినవాళ్లు వాయించి చూడటానికి ఒక గిటార్. మిగతావాళ్లు ఈ ఫార్వర్డ్‌నే పోస్టర్ చేసేద్దాం అంటున్నారు. ఫస్టియర్ పిల్లలు చదివే గోడ మీద అబద్ధం అంటించడం నాకు ఇష్టం లేదు. గురువారం రాత్రికి ప్రింటుకి ఇవ్వాలి. తెలిసినవాళ్లు ఒక్కొక్కటీ తేల్చి చెప్పండి.

క్యాసెట్_బాబాయ్

రేడియోహెడ్ సంగతి ముందు. వాళ్లు కలిసింది యూనివర్సిటీలో కాదు, స్కూల్లో. ఆక్స్‌ఫర్డ్‌కి కాస్త దక్షిణాన ఆబింగ్డన్ అనే చిన్న ఊరు, అక్కడి ఆబింగ్డన్ స్కూల్. 1985లో బ్యాండ్ పేరు "ఆన్ ఎ ఫ్రైడే". శుక్రవారం సాధన చేసేవాళ్లు కాబట్టి ఆ పేరు. స్కూలయ్యాక ఐదుగురిలో నలుగురు తలో ఊరికీ వెళ్లారు. థామ్ యార్క్ ఎక్సెటర్‌లో ఇంగ్లీషు, ఫైన్ ఆర్ట్స్. కోలిన్ గ్రీన్‌వుడ్ కేంబ్రిడ్జ్. ఎడ్ ఓబ్రయన్ మాంచెస్టర్. ఫిల్ సెల్వే లివర్‌పూల్ పాలిటెక్నిక్. సెలవులకీ వారాంతాలకీ వచ్చి వాయించుకునేవాళ్లు. ఈ నలుగురూ చదువు పూర్తి చేసినవాళ్లే.

మానేసినవాడు ఒక్కడు, అందరికంటే చిన్నవాడు జానీ గ్రీన్‌వుడ్. ఆక్స్‌ఫర్డ్ పాలిటెక్నిక్‌లో చేరాడు, 1991 చివర్లో ఈఎంఐ అనే రికార్డు కంపెనీతో ఒప్పందం కుదరగానే వదిలేశాడు. ఆ పాలిటెక్నిక్కే మరుసటి ఏడాది ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ యూనివర్సిటీ అయింది. పుకారుకి మొదలు అక్కడుంది. "ఆక్స్‌ఫర్డ్", "యూనివర్సిటీ" అనే రెండు మాటలు పక్కపక్కన కనబడితే జనం ఆ పాత యూనివర్సిటీయే అనుకుంటారు.

గాజువాక_గ్రంజ్

కర్ట్ కొబేన్ కాలేజీ మెట్లే ఎక్కలేదు గురూ. మానేసింది హైస్కూలు. 1985లో ఆబర్డీన్ ఊళ్లో, ఇంకొన్ని వారాల్లో పూర్తవుతుందనగా, క్రెడిట్లు చాలవని తెలిసి వదిలేశాడు.

మద్దిలపాలెం_బేస్

ఆ "సెకండియర్" ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైంది. అమెరికాలో పన్నెండో క్లాసు హైస్కూలే. మనకి అదే ఇంటర్ సెకండియర్, మనం దాన్ని కాలేజీ అంటాం. ఎవరో తెలుగు చేసేటప్పుడు మనవాళ్లకి అర్థమవ్వాలని "సెకండియర్‌లో మానేశాడు" అని రాసుంటారు. తర్వాతివాళ్లు దాన్ని బీటెక్ సెకండియర్ చేసేశారు.

ఈ ఫార్వర్డ్‌లో సగం తప్పులు ఇలా మాటల దగ్గరే పుట్టాయి. అమెరికావాడు "స్కూల్" అంటే యూనివర్సిటీ కూడా అవుతుంది. "బ్యాండ్ కోసం స్కూల్ వదిలేశాడు" అంటే డిగ్రీ వదిలేశాడని. ఇంగ్లండులో "పబ్లిక్ స్కూల్" అంటే ఫీజు కట్టే ప్రైవేటు బడి, సర్కారు బడి కాదు. "కాలేజీ" అంటే అక్కడ డిగ్రీకి ముందు చదివే రెండేళ్లు కూడా కావచ్చు. ఇక "డ్రాపౌట్" ఒక్కటే మాట: హైస్కూలు మానేసినవాడికీ అదే, డిగ్రీ మధ్యలో వదిలినవాడికీ అదే, ఏడాది సెలవు పెట్టి తర్వాత పూర్తి చేసినవాడికీ అదే అంటించేస్తారు. పోస్టర్ మీద ఆ మాట వాడకు. "హైస్కూలు వదిలాడు", "డిగ్రీలో చేరి వదిలాడు", "ఆపి, మళ్లీ వెళ్లి పూర్తి చేశాడు" అని విడివిడిగా రాయి.

గాజువాక_గ్రంజ్

@మద్దిలపాలెం_బేస్ కరెక్టు. అయితే కర్ట్‌కి కాలేజీతో సంబంధమే లేదనుకోకండి. ఒలింపియా ఊళ్లో ఎవర్‌గ్రీన్ స్టేట్ కాలేజ్ ఉంది. 1971లో తెరిచారు. మార్కులు, గ్రేడులు ఉండవు, పంతులు రాసిచ్చే మాటల నివేదికే ఫలితం. కర్ట్ ఆ ఊళ్లో కాపురం ఉన్నాడు, ఆ కాలేజీ హాస్టల్ పార్టీల్లో నిర్వాణా వాయించింది. 1988 అక్టోబర్ 30న అక్కడి హాస్టల్లోనే మొదటిసారి గిటార్ పగలగొట్టాడు.

బికినీ కిల్ బ్యాండ్ కాథ్లీన్ హానా అక్కడ విద్యార్థిని. గోడ మీద "కర్ట్ దగ్గర టీన్ స్పిరిట్ వాసన వస్తోంది" అని రాసింది ఆవిడే. అది అమ్మాయిల డియోడరెంట్ పేరు. కర్ట్‌కి ఆ సంగతి తెలీక అదేదో తిరుగుబాటు నినాదం అనుకున్నాడు. 1991లో పాటకి అదే పేరైంది. సబ్ పాప్ రికార్డు కంపెనీ పెట్టిన బ్రూస్ పావిట్ కూడా అక్కడి విద్యార్థే. "సబ్‌టెరేనియన్ పాప్" అని చేత్తో అచ్చేసుకున్న పత్రికని అక్కడే కోర్సు క్రెడిట్ కోసం మొదలుపెట్టాడు. అంటే కర్ట్ చదవని కాలేజీయే కర్ట్‌కి స్నేహితుల్నీ, కంపెనీనీ, పాట పేరునీ ఇచ్చింది. పోస్టర్‌కి ఇంతకంటే మంచి ముక్క దొరకదు.

ఎంవీపీ_మిక్సర్

కోల్డ్‌ప్లే ఆల్టర్నేటివ్ ఏటండీ? క్విజ్‌లో ఎందుకు?

క్యాసెట్_బాబాయ్

@ఎంవీపీ_మిక్సర్ 2000లో వచ్చిన మొదటి ఆల్బమ్ విని మాట్లాడు బాబూ. తర్వాత ఎటు పోయారన్నది వేరే గొడవ. కాలేజీ బ్యాండ్ అన్న మాటకి వాళ్లకంటే తగినవాళ్లు లేరు.

భీమిలి_అక్క

కోల్డ్‌ప్లే గురించి ఫార్వర్డ్ రాసింది పూర్తిగా తిరగేసిన మాట. 1996లో లండన్‌లో యూసీఎల్ అనే యూనివర్సిటీలో రామ్సే హాల్ అనే హాస్టల్లో కలిశారు, చేరిన మొదటి రోజుల్లోనే. క్రిస్ మార్టిన్ చదివింది ప్రాచీన ప్రపంచ అధ్యయనం, గ్రీకు, లాటిన్ అందులో భాగం. తప్పడం కాదు, ఫస్ట్ క్లాస్‌లో పాసయ్యాడు. జానీ బక్‌లాండ్ ఖగోళశాస్త్రం, గణితం. విల్ చాంపియన్ ఆంత్రొపాలజీ, అంటే మానవశాస్త్రం. బ్యాండ్‌లో చేరేదాకా విల్ డ్రమ్మర్ కూడా కాదు, గిటారూ అవీ వాయించేవాడు.

వదిలినవాడు బేస్ వాయించే గై బెరీమన్. ముందు ఇంజినీరింగ్, అది మార్చి ఆర్కిటెక్చర్, అదీ వదిలేశాడు. 1998లో "సేఫ్టీ" అని సొంత డబ్బుతో 500 కాపీలు వేసుకున్నారు. పెద్ద కంపెనీ ఒప్పందం 1999లో, చదువు చివరి ఏడాదిలోనే. ఒప్పందం అయ్యాక కూడా వెళ్లి పరీక్షలు రాశారు. ఇది పెద్ద అక్షరాల్లో వెయ్యి తమ్ముడూ, నీ ఫస్టియర్ పిల్లల కోసం.

సిరిపురం_సిగ్నల్

వేస్తానక్కా. హార్వర్డ్ సంగతి?

రుషికొండ_రివర్బ్

అది కూడా తలకిందులే. రివర్స్ కువోమో బ్యాండ్ కోసం హార్వర్డ్ వదల్లేదు, బ్యాండ్ గెలిచాక హార్వర్డ్‌కి వెళ్లాడు. వీజర్ మొదటి ఆల్బమ్ 1994 మేలో వచ్చింది, లక్షల్లో అమ్ముడైంది. 1995లో హార్వర్డ్‌లో చేరాడు. అదే ఏడాది కాలికి ఆపరేషన్. పుట్టుకతో ఒక కాలు పొట్టి. ఎముకని కోసి, బయటి నుంచి ఉక్కు చట్రం బిగించి, కొద్దికొద్దిగా ఎడం పెంచుతూ పోతే మధ్యలో కొత్త ఎముక పుడుతుంది. ఈ వైద్యంలో మామూలు లెక్క రోజుకి ఒక మిల్లీమీటరు, అది కూడా నాలుగు విడతల్లో. తొందరపడి ఎక్కువ తిప్పితే ఎముక కట్టదు, నరం లాగుతుంది. తక్కువ తిప్పితే ముందే అతుక్కుపోతుంది. నెలల తరబడి ఆ నొప్పితో చలికాలంలో క్యాంపస్‌లో ఒంటరిగా తిరిగినవాడి ఆల్బమ్ 1996లో వచ్చిన "పింకర్టన్". ఆ గొంతులో పగులు ఎక్కడిదో ఇది తెలిస్తే వింటుంటేనే తెలుస్తుంది.

మధ్యలో ఆపాడు, మళ్లీ వెళ్లాడు, 2006లో ఇంగ్లీషులో పట్టా తీసుకున్నాడు. చేరిన పదకొండేళ్లకి.

గాజువాక_గ్రంజ్

మొరెల్లో 1986లోనే హార్వర్డ్ పూర్తి చేసేశాడు, సోషల్ స్టడీస్‌లో. కువోమో చేరింది తొమ్మిదేళ్ల తర్వాత. బ్యాచ్‌మేటెలా అవుతాడు?

మద్దిలపాలెం_బేస్

ఇద్దరి పేర్ల పక్కన ఒకే కాలేజీ కనబడగానే ఒకే బెంచీ మీద కూర్చోబెట్టేస్తారు. పుకారు పట్టుకోవడానికి మూడు సంవత్సరాలు చాలు: స్కూలు అయిన ఏడాది, కాలేజీలో చేరిన ఏడాది, మొదటి రికార్డు వచ్చిన ఏడాది. మూడూ ఒక కాగితం మీద వరసగా రాయండి. "వదిలేసి బ్యాండ్ పెట్టాడు" నిజమవ్వాలంటే రెండోది మూడోదానికంటే ముందుండాలి. కువోమో దగ్గర 1994 ముందు, 1995 తర్వాత. అక్కడే పడిపోయింది. "కలిసి చదివారు" అన్నదానికి ఇద్దరి చేరిన ఏడాది, వదిలిన ఏడాది నాలుగూ కావాలి. మధ్యలో ఒక్క ఏడాదైనా ఒకదాని మీద ఒకటి పడకపోతే కొట్టెయ్యండి.

డ్రాప్_డి

కిమ్ తాయిల్ మీద నేను రాస్తా. తల్లిదండ్రులు కేరళవాళ్లు, అది నిజం. ఆయన పుట్టింది మాత్రం సియాటిల్‌లో, పెరిగింది షికాగో దగ్గర పార్క్ ఫారెస్ట్‌లో. కేరళ నుంచి వెళ్లలేదు. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ఫిలాసఫీ డిగ్రీ. "డాక్టర్ ఆఫ్ ఫిలాసఫీ" కాదు, చదివిన సబ్జెక్టు ఫిలాసఫీ. ఎవరో దాన్ని పీహెచ్‌డీ చేసేశారు.

బ్రూస్ పావిట్ కూడా పార్క్ ఫారెస్ట్‌వాడే. సౌండ్‌గార్డెన్ మొదటి బేసిస్టు హిరో యమమోటో కూడా. పావిట్‌నీ జొనథన్ పోన్‌మన్‌నీ కలిపింది తాయిలే. ఆ ఇద్దరూ కలిసి నడిపిన సబ్ పాప్ 1987లో సౌండ్‌గార్డెన్ మొదటి రికార్డు వేసింది. హిరో తర్వాత బ్యాండ్ వదిలి ఫిజికల్ కెమిస్ట్రీలో మాస్టర్స్ చేశాడు. బ్యాండ్ కోసం చదువు వదిలినవాళ్ల పేర్లే తిప్పుతారు, చదువు కోసం బ్యాండ్ వదిలినవాణ్ని ఎవరూ తలవరు.

లాసన్స్‌బే_లూప్

పీహెచ్‌డీ నిజంగా ఉన్నవాళ్లు వేరే ఉన్నారు కదా. ఆఫ్‌స్ప్రింగ్ డెక్స్‌టర్ హాలండ్ యూఎస్‌సీ యూనివర్సిటీలో మాలిక్యులర్ బయాలజీ. 1994లో "స్మాష్" ఆల్బమ్ పేలిపోవడంతో ఆపాడు, మళ్లీ వెళ్లి 2017లో పూర్తి చేశాడు. హెచ్‌ఐవీ వైరస్‌లో మైక్రోఆర్‌ఎన్‌ఏ లాంటి వరసల మీద పరిశోధన. బ్యాడ్ రెలిజియన్ గ్రెగ్ గ్రాఫిన్‌ది కార్నెల్, 2003. డిసెండెంట్స్ మైలో ఆకర్‌మన్ బయాలజీ. ఈయన చదువుకి వెళ్లిపోతున్నాడని 1982లో ఆల్బమ్ పేరే "మైలో గోస్ టు కాలేజ్" అని పెట్టారు.

గాజువాక_గ్రంజ్

వీళ్లు పంక్. ఆల్టర్నేటివ్ స్టాల్లో పంక్ ఎందుకు?

లాసన్స్‌బే_లూప్

1994లో రేడియోలో వీళ్లూ వాళ్లూ ఒకే చోట మోగారు. ఆ గోడ అప్పటికే కూలిపోయింది. గీత గట్టిగా గీస్తే నీ సౌండ్‌గార్డెన్‌ని మెటల్ వాళ్లు లాక్కుపోతారు, చూసుకో.

గాజువాక_గ్రంజ్

సౌండ్‌గార్డెన్ జోలికి రావద్దు.

క్యాసెట్_బాబాయ్

ఆర్.ఈ.ఎం. మిగిలిపోయింది. జార్జియాలో ఏథెన్స్ ఊరు. మైకేల్ స్టైప్ అక్కడి యూనివర్సిటీలో ఆర్ట్ విద్యార్థి. పీటర్ బక్ అంతకుముందే అట్లాంటాలో ఎమరీ యూనివర్సిటీ వదిలేసి ఏథెన్స్ వచ్చి వక్స్‌ట్రీ అనే రికార్డుల షాపులో పనిచేస్తున్నాడు. స్టైప్ ఆ షాపుకి వచ్చే గిరాకీ. బక్ తనకోసం పక్కన దాచుకున్న రికార్డుల్నే స్టైప్ కొనేవాడు, మాట అలా కలిసింది. మైక్ మిల్స్, బిల్ బెరీ మేకన్ ఊరివాళ్లు, హైస్కూలు నుంచే కలిసి వాయించేవాళ్లు. అంటే ఇది రెండు జతలు, ఒక క్లాసు కాదు.

మొదటి కచేరీ 1980 ఏప్రిల్ 5, ఒక పుట్టినరోజు పార్టీలో. పూజలు ఆగిపోయిన సెయింట్ మేరీస్ చర్చిలో గదులు చేసి అద్దెకిచ్చేవాళ్లు, అందులో. అప్పటికి బ్యాండ్‌కి పేరు కూడా లేదు. పేరు తర్వాత నిఘంటువు తిప్పి పెట్టుకున్నారు. నలుగురూ చదువు వదిలారు, ఇది నిజం. ఆ చర్చి శిఖరం ఒక్కటే ఇప్పటికీ మిగిలుంది.

సిరిపురం_సిగ్నల్

@క్యాసెట్_బాబాయ్ అయితే ఫార్వర్డ్ చెప్పినట్టు "మానేసినవాళ్లు" అన్నదానికి సరిపోయేది ఆర్.ఈ.ఎం. ఒక్కటేనా?

భీమిలి_అక్క

ఇంకా ఉన్నారు. నైన్ ఇంచ్ నెయిల్స్ ట్రెంట్ రెజ్నర్ ఆలిఘేనీ కాలేజీలో కంప్యూటర్ ఇంజినీరింగ్ ఒక్క ఏడాది చదివి వదిలాడు. క్లీవ్‌లాండ్ వెళ్లి ఒక స్టూడియోలో చేరాడు. పని ఏంటంటే నేల తుడవడం, ఇంజినీరుకి సాయం. రాత్రి గిరాకీ లేనప్పుడు ఆ గదులు వాడుకోనిచ్చారు. 1989 నాటి మొదటి ఆల్బమ్‌కి నమూనాలు అలా తయారయ్యాయి. వదిలేశాడు అని ఆపేస్తే అబద్ధం అయిపోతుంది. వదిలి ఎక్కడికి వెళ్లాడో కూడా రాయాలి. సొంత స్టూడియో లేనివాడికి రాత్రిళ్లు ఖాళీగా ఉన్న స్టూడియో గది దొరికింది.

రుషికొండ_రివర్బ్

పిక్సీస్ కూడా. బ్లాక్ ఫ్రాన్సిస్ యూమాస్ ఆమ్‌హర్స్ట్ యూనివర్సిటీలో ఆంత్రొపాలజీ. జోయి శాంటియాగో హాస్టల్లో పక్కనే. మధ్యలో ఆరు నెలలు వెళ్లింది ప్యూర్టో రికోకి, స్పెయిన్‌కి కాదు. పాటల్లో ఆ సగం సగం స్పానిష్ అక్కడిదే. తిరిగొచ్చాక చదువు వదిలి బోస్టన్ చేరారు. 1986లో బేసిస్టు కావాలని పత్రికలో ప్రకటన వేశారు: హస్కర్ డూ, పీటర్ పాల్ అండ్ మేరీ రెండూ ఇష్టపడేవాళ్లు కావాలని. ఒకటి చెవులు పగిలే పంక్, ఇంకోటి నెమ్మది జానపదం. వచ్చింది ఒక్క కిమ్ డీల్. బేస్ గిటార్ లేకుండానే వచ్చింది. డ్రమ్మర్ డేవిడ్ లవరింగ్ ఎలక్ట్రానిక్స్ చదివినవాడు.

క్విజ్ ప్రశ్న ఇస్తున్నా: పిక్సీస్ గాయకుడికీ, కోల్డ్‌ప్లే డ్రమ్మర్‌కీ కాలేజీలో ఉమ్మడి సబ్జెక్టు ఏది?

సిరిపురం_సిగ్నల్

ఆంత్రొపాలజీ! ఇది పెట్టేశా.

ఎంవీపీ_మిక్సర్

లింకిన్ పార్క్ లేకుండా వైజాగ్‌లో క్విజ్ పెడితే స్టాల్ దగ్గరికి ఎవరూ రారు. బ్రాడ్ డెల్సన్, ఫీనిక్స్ ఫారెల్ యూసీఎల్ఏ యూనివర్సిటీలో రూమ్మేట్లు. డెల్సన్ కమ్యూనికేషన్స్, ఫారెల్ ఫిలాసఫీ. మైక్ షినోడా పాసడేనాలో ఆర్ట్ సెంటర్‌లో ఇలస్ట్రేషన్ పట్టా తీసుకున్నాడు. జో హాన్ కూడా అక్కడే చేరాడు, పూర్తి చేయలేదు. 2000లో వచ్చిన మొదటి ఆల్బమ్ మీద తూనీగ రెక్కల సైనికుడి బొమ్మ షినోడా గీసిందే. గాయకుడు చెస్టర్ వీళ్లతో చదవలేదు, 1999లో ఫీనిక్స్ ఊరి నుంచి వచ్చి చేరాడు. ఒకరి పేరు ఫీనిక్స్, ఇంకొకరి ఊరు ఫీనిక్స్. ఈ రెండూ కలిపేసి "చెస్టర్ యూసీఎల్ఏ" అని రాసేవాళ్లున్నారు, జాగ్రత్త.

సిరిపురం_సిగ్నల్

ఒక సందేహం. పేరుపేరునా చూస్తే వదిలినవాళ్లూ ఉన్నారు, ఫస్ట్ క్లాసువాళ్లూ ఉన్నారు. అయితే కాలేజీకీ ఈ సంగీతానికీ సంబంధం ఏంటి? "కాలేజ్ రాక్" అని ఎందుకన్నారు?

డ్రాప్_డి

రేడియో. ఆ పేరు వాళ్లు చదివినందుకు రాలేదు, కాలేజీ రేడియోలో మోగినందుకు వచ్చింది. అమెరికాలో ఎఫ్‌ఎం పట్టీలో అడుగున 88 నుంచి 92 మెగాహెర్ట్‌జ్ దాకా వాణిజ్యేతర స్టేషన్లకి వదిలిపెట్టారు. అప్పట్లో చిన్న స్టేషన్‌కి 10 వాట్లు సరిపోయేవి. సియాటిల్‌లో కేసీఎంయూ స్టేషన్‌ని 1972లో విద్యార్థులు 10 వాట్లతోనే మొదలుపెట్టారు. కిమ్ తాయిల్ అక్కడ డీజే. పోన్‌మన్ కూడా అక్కడివాడే. అదే తర్వాత కేఈఎక్స్‌పీ అయింది, మనం యూట్యూబ్‌లో లైవ్ సెషన్లు చూస్తామే, ఆ స్టేషన్. ఎవర్‌గ్రీన్‌కి కేఏఓఎస్ ఉంది.

ప్రకటన అమ్మక్కర్లేదు కాబట్టి డీజే తనకి నచ్చింది వేస్తాడు. ఏ కాలేజీలో ఏది మోగుతోందో 1978 నుంచి సీఎంజే పత్రిక పట్టికలు వేసింది. చిన్న కంపెనీ ఆ పట్టిక చూసి ఏ ఊళ్లో కచేరీ పెడితే జనం వస్తారో లెక్కేసుకునేది. బిల్‌బోర్డ్ పత్రిక 1988 సెప్టెంబర్‌లో మాడర్న్ రాక్ అని వేరే పట్టిక మొదలుపెట్టింది, మెల్లగా "కాలేజ్" పోయి "ఆల్టర్నేటివ్" నిలబడింది.

క్యాసెట్_బాబాయ్

రేడియో ఒక్కటే అంటే ఒప్పుకోను. పాట తయారైతే కదా రేడియో వేసేది. పైనున్న బ్యాండ్లన్నీ చూడండి: పక్క గది, రూమ్మేటు, రికార్డుల షాపు, అద్దె చర్చి. డ్రమ్స్ పెట్టి రోజూ మూడు గంటలు గోల చేసినా ఎవరూ తరిమెయ్యని చవక గది, పొద్దున్నే ఆఫీసుకి పోనక్కర్లేని నలుగురు. ఈ రెండూ ఒకేసారి దొరికేది కాలేజీ ఊళ్లోనే. బక్ ఎమరీలో చదివినా, ఏథెన్స్ వచ్చాకే బ్యాండ్ అయింది.

డ్రాప్_డి

బాబాయ్, ఆ గది అన్ని దేశాల్లోనూ ఉంది. మనకీ ఉంది. మనకి లేనిది ఆ 10 వాట్లు. ఇక్కడ విద్యాసంస్థలకి రేడియో అనుమతి విధానం వచ్చిందే 2002లో. మొదటిది చెన్నైలో అన్నా యూనివర్సిటీది, 2004లో. తర్వాత 2006లో స్వచ్ఛంద సంస్థలకీ ఇచ్చారు. పరిమితి 100 వాట్లు, యాంటెన్నా 30 మీటర్లు. అంతకుముందు మనవాళ్లు సాధన చేసిన ఏళ్లలో పాట గది దాటి బయటికి వెళ్లే దారే లేదు.

లాసన్స్‌బే_లూప్

ఎఫ్‌ఎం చూపు మేరకే వెళ్తుంది, కొండ అడ్డొస్తే ఆగుతుంది. యూనివర్సిటీ మెట్ట మీద 10 వాట్లు పెట్టినా ఎంవీపీ, సిరిపురం, బీచ్ రోడ్డు వినిపిస్తాయి గానీ దూరాన ఉన్న గాజువాకకి కష్టం. అయినా ఆ ఐదారు కిలోమీటర్లలో ఎన్ని హాస్టళ్లున్నాయో లెక్కేసుకోండి. ఏథెన్స్‌కి సరిపోయింది, మనకీ సరిపోయేది.

క్యాసెట్_బాబాయ్

ఈ మాటకి తల వంచుతా. రెండూ కావాలి. గది ముందు, రేడియో వెనక.

భీమిలి_అక్క

పల్ప్ బ్యాండ్ జార్విస్ కాకర్ మీద కూడా ఒకటి తిరుగుతోంది, ఎవరూ ఎత్తలేదు. ఆయన బ్యాండ్ పెట్టింది 1978లో షెఫీల్డ్‌లో, స్కూలు కుర్రాడిగా. లండన్ సెయింట్ మార్టిన్స్‌లో సినిమా చదవడానికి చేరింది పదేళ్ల తర్వాత, 1988లో. 1995 నాటి ఆ పెద్ద పాటలో వచ్చే గ్రీకు అమ్మాయి ఎవరని ఫలానా ఆవిడ, ఫలానా ఆవిడ అని పేర్లు తిప్పుతున్నారు. ఆయన ఏ పేరూ చెప్పలేదు. పాటలో ఉన్నందుకు ఒక మనిషి పేరు గోడ మీద అంటించకు తమ్ముడూ. క్విజ్‌కి కాలేజీ పేరు అడుగు, చాలు.

సిరిపురం_సిగ్నల్

అలాగే అక్కా, ఆ పేర్ల జోలికి పోను. ఇక గిటార్. వచ్చినవాళ్లకి సౌండ్‌గార్డెన్ మోత ఒక్క వేలితో వినిపించాలని ఉంది. డ్రాప్ డి, అంటే లావు తీగని దించిన ఆ శ్రుతి, ఎలా పెట్టాలి? మా దగ్గర ఉన్నది ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి గిటార్, 10 గేజ్ తీగలు (గేజ్ అంటే తీగ మందం).

డ్రాప్_డి

ఆ గిటార్ వద్దు. ఫ్లాయిడ్ రోజ్‌లో ఒక పక్క ఆరు తీగల లాగు, ఇంకో పక్క వెనకాల స్ప్రింగుల లాగు, రెండూ తూగి బ్రిడ్జి గాల్లో నిలబడి ఉంటుంది. ఒక తీగ వదులు చేస్తే స్ప్రింగులు గెలిచి బ్రిడ్జిని వెనక్కి లాగుతాయి, మిగతా ఐదూ శ్రుతి పెరిగిపోతాయి. వాటిని దించితే మళ్లీ మొదటిది మారుతుంది. పైగా నట్, అంటే మెడ పైచివర తీగలు ఆనే పట్టీ, దాని దగ్గర బిగింపు మరలు విప్పాలి. స్టాల్లో ఆ పని అవ్వదు. కదలని బ్రిడ్జి ఉన్నది ఎవరిదైనా అడిగి తెచ్చుకో.

పద్ధతి: లావు తీగ, అంటే ఆరోది, ఇ నుంచి రెండు మెట్లు కిందికి డి దాకా దించాలి. నాలుగో తీగ ఇప్పటికే డి, దాన్ని వదిలి మోగించి, ఆరోది పక్కనే మోగించు. రెండూ కలవనప్పుడు వూ వూ వూ అని అలలా ఊగుతుంది. దగ్గరపడేకొద్దీ ఆ ఊగు నెమ్మదిస్తుంది, కలిస్తే ఆగిపోతుంది. కావల్సినదానికంటే కొంచెం కిందికి దించి, మళ్లీ పైకి బిగిస్తూ డి దగ్గర ఆపు. కిందికి దించుతూ ఆపేస్తే నట్ గాడిలో తీగ పట్టేసి, రెండు దెబ్బలకి ఇంకా జారుతుంది. ఇప్పుడు ఆరు, ఐదు, నాలుగు తీగల మీద ఒకే వేలు అడ్డంగా పెడితే పవర్ కార్డు, అంటే ఆ మోత ఇచ్చే స్వరాల జట్టు. ఏ ఫ్రెట్‌కి జరిపినా అదే ఆకారం.

10 గేజ్ సెట్‌లో లావు తీగ 46. డి దగ్గర అది వదులై ఫ్రెట్లకి కొట్టుకుంటుంది, గట్టిగా కొడితే శ్రుతి పైకి పాకుతుంది. 10–52 సెట్ దొరికితే వేసుకో. ఈ శ్రుతి తాయిల్‌కి చెప్పింది మెల్విన్స్ బ్యాండ్ బజ్ ఆస్బోర్న్. అదీ క్లాసులో నేర్చింది కాదు. బోర్డు మీద రాయి.

ఎంవీపీ_మిక్సర్

బీచ్ రోడ్డు వైపు టెంటు కదా, తీగలు ముందురోజు మార్చకు. ఉప్పుగాలి, జనం చేతుల చెమట, రెండూ కలిస్తే సాయంత్రానికే నల్లబడతాయి. శనివారం పొద్దున్న మార్చి, ఒక్కోటీ చేత్తో మూడు నాలుగుసార్లు సాగదీసి మళ్లీ శ్రుతి చెయ్యి, లేకపోతే మధ్యాహ్నం దాకా జారుతూనే ఉంటుంది. గంటకోసారి పొడి నూలుగుడ్డతో తీగ పైనా కిందా తుడవాలి. అదనపు సెట్ ఒకటి, మొదటి తీగలు విడిగా మూడు ఉంచుకో. తెగేది ఎప్పుడూ సన్నదే. యాంప్ 10, 15 వాట్లు చాలు. సముద్రం వైపు పెట్టకు, గాలి మోత మింగేస్తుంది. టెంటు గోడకి వీపు పెట్టి జనం వైపు తిప్పు.

సిరిపురం_సిగ్నల్

పోస్టర్ పై వరస ఇలా అనుకుంటున్నా: "కొందరు చదివారు, కొందరు వదిలారు, కర్ట్ కొబేన్ అసలు చేరలేదు. అందరికీ ఒక కాలేజీ ఊరు దొరికింది." కింద ఎనిమిది బ్యాండ్లు. ఒక్కోదానికి మూడు సంవత్సరాల పట్టీ, @మద్దిలపాలెం_బేస్ చెప్పినట్టు. సరేనా?

మద్దిలపాలెం_బేస్

"అందరికీ" తీసెయ్. సౌండ్‌గార్డెన్‌ది సియాటిల్, కోల్డ్‌ప్లేది లండన్, అవి మహానగరాలు. "కాలేజీ చుట్టూ మనుషులు దొరికారు" అని రాస్తే ఎనిమిదింటికీ నప్పుతుంది.

రుషికొండ_రివర్బ్

ఎనిమిదింటికీ నప్పదు. రేడియోహెడ్ మనుషులు స్కూల్లోనే దొరికారు.

భీమిలి_అక్క

బ్యాండ్ మనుషులు స్కూల్లోనే. వాళ్ల ఆల్బమ్ బొమ్మలన్నీ వేసే స్టాన్లీ డాన్‌వుడ్ యార్క్‌కి దొరికింది ఎక్సెటర్‌లో. 1994 నుంచి ఆయనే. మాట నిలుస్తుంది.

రుషికొండ_రివర్బ్

నిలుస్తుంది. ఒప్పుకున్నా.

సిరిపురం_సిగ్నల్

మార్చాను. జానీ గ్రీన్‌వుడ్ దగ్గర "ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ" కొట్టేసి "ఆక్స్‌ఫర్డ్ పాలిటెక్నిక్, చేరి వదిలాడు" అని పెట్టా. కదలని బ్రిడ్జి గిటార్ హాస్టల్లో ఒకరి దగ్గర ఉందట, ఇస్తానన్నారు. ఫైలు ప్రింటుకి వెళ్తోంది.

డ్రాప్_డి

ఆగు, తాయిల్ పేరు దగ్గర "ఫిలాసఫీ" పక్కన "డిగ్రీ" అని ఉందో లేదో ఒకసారి చూసి పంపు.

సిరిపురం_సిగ్నల్

లేదు! ఇప్పుడు పెట్టా. వెళ్లింది.